దూడకు వేసిన బ్రేక్

ఊదించినప్పుడు డెబ్భై. రక్తం తీసినప్పుడు నూట అరవై.

ఒంట్లో మందు ఎంతుందో చెప్పే ఆ రెండు అంకెలూ ఒకే ఫైల్లో ఉన్నాయి. మొదటిది ఉదయం ఏడుంబావుకి రోడ్డు పక్కన కానిస్టేబుల్ ఊదించిన మిషన్ చీటీ మీద. రెండోది ఎనిమిదిన్నరకి పుంగనూరులో తీసిన రక్తానికి మొన్ననే వచ్చిన ల్యాబ్ రిపోర్టులో. మధ్యలో ముప్పై రెండు పేజీలున్నాయి. అందుకే ఆ రెండు కాగితాలనూ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

నేను పెట్టి చూశాను. మదనపల్లెలో ఒక టైలర్ షాపు పైన ఉన్న నా ఒంటి గదిలో, పొద్దున్నే కాఫీ కలుపుకోవడానికి కూడా బద్ధకించి, మంచం మీద కాగితాలన్నీ పరుచుకుని చూశాను. ఆ ఫైలు నకలు నా చేతికి ఎలా వచ్చిందని అడక్కండి. పద్నాలుగేళ్ళు పోలీసు ఉద్యోగం చేసినదానికి స్టేషన్లలో ఆ మాత్రం మనుషులు మిగలకపోతే ఎలా? నాకు మిగిలిందీ ఆ బాపతు మనుషులే. అడిగితే ఫైలు పంపుతారు, పండక్కి మాత్రం పిలవరు.

నా పేరు శోభారాణి. ఎస్సైగా పనిచేసి ఆరేళ్ళ కిందట ఉద్యోగం వదిలేశాను. ఇప్పుడు అడిగినవాళ్ళకి ప్రైవేటుగా విచారణలు చేసిపెడుతుంటాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఉన్న ఒక్క మొగుడూ కోర్టు ద్వారా వెళ్ళిపోయాడు.

కేసు చూడ్డానికి చిన్నదే. పద్దెనిమిది రోజుల కిందట, పుంగనూరు నుంచి రామసముద్రం పోయే రోడ్డులో, ఆవులను తోలుకుపోతున్న గంగులప్ప అనే అరవై ఏళ్ళ మనిషిని ఒక ఖాళీ పికప్ వ్యాన్ గుద్దింది. డిటెక్టివ్ కథల్లోలాగే గంగులప్ప చేతిగడియారం పగిలి ఆరూ ఇరవైకి ఆగిపోయింది. డ్రైవర్ పేరు కిరణ్ కుమార్, రామకుప్పం వాడు. జనం వచ్చేసరికి స్టీరింగ్ మీద వాలిపోయి, కాళ్ళ దగ్గర ఖాళీ సీసాతో, గుప్పుమని వాసన కొడుతూ దొరికాడు. తాగి నడిపాడు, మనిషి పోయాడు, నిర్లక్ష్యం. ఊరూ పోలీసులూ అంతటితో సరిపెట్టుకున్నారు. కిరణ్ కుమార్ స్టేషన్ బెయిల్ మీద ఇంటికి కూడా వెళ్ళిపోయాడు.

కానీ రాత్రి తాగినవాడికి పొద్దెక్కేకొద్దీ మత్తు దిగాలి. ఇతనికి ఎక్కుతోంది. అంటే ఊదడానికి కాసేపటి ముందే గబగబా తాగాడు. మరి ఆరూ ఇరవైకి అతని ఒంట్లో ఎంత మందుంది?

రెండు రోజుల కిందట గంగులప్ప పెళ్ళాం నంజమ్మ నా గదికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడే అడిగింది. "యాక్సిడెంటంటే ఏడ్సి ఊరుకుంటానమ్మా. కాదంటే నాకు తెలియాల. ఆ ఒక్క మాట సెప్పు సాలు."

ఆ ఒక్క మాటకి ఇక ఒక్కరోజే గడువుంది. రేపు పదిన్నరకి చార్జిషీటు పుంగనూరు కోర్టుకి పోతుంది. కిరణ్ కుమార్ మొదటి వాయిదాలోనే తప్పు ఒప్పుకుంటానని చెప్పేశాడట. ఒప్పుకుని శిక్ష వేయించుకున్నాక ఆ కేసుని మళ్ళీ లేపడం గగనం.

*

ఎనిమిదింటికల్లా ఆ రోడ్డు మీద ఉన్నాను. నంజమ్మ నాకంటే ముందే వచ్చి నాలుగు ఆవులతో, ఒక దూడతో మలుపు దగ్గర నిలబడి ఉంది. ఇప్పుడు మేపడం ఆమె వంతు అయింది. పక్కన పాల క్యానుతో బయ్యమ్మ ఉంది. శవాన్ని మొదట చూసిన మనిషి ఆమే.

"యాడ పడినాడు?" అని అడిగాను.

"ఈడ," అంది నంజమ్మ. రోడ్డు పక్క మట్టిలో ఒక రాయికి పసుపు రాసి పెట్టింది. తారు అంచు నుంచి ఆ రాయి దాకా కొలిచాను. మూడు అడుగులు. అంటే గంగులప్ప రోడ్డు మీద లేనే లేడు, దిగి మట్టిలో నడుస్తున్నాడు.

పద్దెనిమిది రోజులుగా చుక్క వాన లేదు. ఈ దారిలో బండ్లు తిరిగేదీ తక్కువే. తారు మీద గుర్తులు వెలిసినా చెదరలేదు. నేను రాయి దగ్గర నుంచి వెనక్కి, బండి వచ్చిన వైపు నడిచాను. మొదటి ఇరవై రెండు అడుగుల్లో ఏ గీతా లేదు. ఇరవై రెండో అడుగు దగ్గర చిన్న నల్లటి మచ్చ, పక్కనే దానికి జోడీ ఇంకోటి. వాటికి అవతల రెండు పొడుగాటి నల్ల గీతలు.

మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. పొడుగు గీతలు గట్టిగా బ్రేకు వేసినప్పటివి. పొట్టి మచ్చలు, నిలబడి ఉన్న బండిని ఒక్కసారిగా ఉరికిస్తే వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి కాలినవి. బండి వచ్చింది. బ్రేకు వేసింది. పూర్తిగా ఆగింది. ఆగినచోటి నుంచే మళ్ళీ ఉరికి, ఇరవై రెండు అడుగులు పోయి, రోడ్డు దిగి, మనిషిని గుద్దింది. ఆ రెండోసారి బ్రేకు వేసిన గుర్తు లేదు.

"బయ్యమ్మా, నువ్వు వచ్చినప్పుడు టైమెంత?"

"పాల సెంటర్లో నా చీటీ మీద ఆరూ నలభై అని పడిందమ్మా. ఈడ్నించి సెంటరు అయిదు నిమిసాల నడక."

"మనిషి పడుంటే పాలు పొయ్యడానికి పోయినావా?"

ఆమెకి కోపం వచ్చింది. "సెంటర్లోనే కదమ్మా నలుగురు మొగోళ్ళు ఉండేది! వాళ్ళను పిల్సేదానికే పోతి. క్యాను సేతిలో ఉండె. పోసేస్తి. పారబొయ్యమంటావా?"

"సరే సరే. అప్పుడు డ్రైవర్ ఎట్లుండాడు?"

"బండి సక్రం కాడ కూసోనుండె. రెండు సేతులూ తల మీద పెట్టుకోని. దెబ్బలు తగిలినాయేమో అని వంగి మొగంలో మొగం పెట్టి సూసినా. 'ఎవురినన్నా పిల్సుకురా అక్కా' అనె."

"వాసన?"

బయ్యమ్మ క్యాను కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా, "లేదమ్మా," అంది. "మొగోళ్ళతో కలిసి తిరిగొచ్చినప్పుడు గుప్పుమనె. ముందర లేదు."

"ఈ మాట పోలీసులకి యాల చెప్పలేదు?"

"నన్నెవురు అడిగిరి? మొగోళ్ళనే అడిగి రాసుకోని పోయిరి."

పద్నాలుగేళ్ళలో నేనూ అట్లాగే రాసుకుని పోయిన రోజులున్నాయి. అందుకని ఆ మాటకి బదులు చెప్పకుండా ఆవుల గురించి అడిగాను. అంత పెద్ద దెబ్బకి బెదిరిన ఆవులు ఎటు పరుగెత్తాయి?

"యాడికీ పోలేదు. కట్టేసుండె," అంది బయ్యమ్మ. "గంగులప్పే కట్టినాడేమో అనుకుంటి."

నంజమ్మ తల తిప్పి చూసింది. "ఆయప్ప మేపేటప్పుడు ఎప్పుడూ కట్టడే. సెంటరోళ్ళు ఎవురో కట్టినారనుకున్నా నేను."

ఒకరు కట్టారని ఇంకొకరు అనుకున్నారు. పద్దెనిమిది రోజులు అట్లా గడిచిపోయాయి. ఎక్కడెక్కడ కట్టి ఉన్నాయో చూపించమన్నాను. మూడు ఆవులు ఒక వేపచెట్టుకి, తాడు పొడుగు వదిలి. నాలుగోది, దూడతల్లి, దాని పక్క చెట్టుకి. దూడ మాత్రం విడిగా, అవతల కానుగ చెట్టు మొదట్లో, తల్లికి ఎదురుగా ముఖం పెట్టి.

నంజమ్మ తల్లి ఆవు నిలబడిన చోటు నుంచి దూడను కట్టిన చోటుకి చూసింది. మళ్ళీ చూసింది.

"దూడ కనపడతా ఉండాల, అందకూడదు," అంది చాలా నెమ్మదిగా. "కనపడకపోతే తల్లి తాడు తెంపుకోని రోడ్డు మిందికి పోతాది. అందితే పాలన్నీ తాగేస్తాది. ఇది ఆవులుండే ఇంట్లో పుట్టినోడు కట్టింది గదమ్మా. తాగినోడు కట్టింది గాదు."

ఆమె కోరిన ఒక్క మాటలో సగం ఆమే చెప్పేసుకుంది.

"అమ్మా, గంగులప్ప తాగేవాడా?"

"ఎనిమిదేండ్లయింది సుక్క ముట్టి."

"యాల మానేసినాడు?"

ఆమె ఆవులను అదిలించి ముందుకు తోలుకుంటూ వెళ్ళిపోయింది.

*

పుంగనూరులో సీఐ మునికృష్ణ నన్ను చూడగానే కుర్చీలోంచి లేవబోయి, లేవడం ఎందుకులే అనుకుని కూర్చుండిపోయాడు. పదేళ్ళ కిందట నా దగ్గర శిక్షణకి వచ్చిన కుర్రాడు. సెక్షన్లు బట్టీ పట్టించింది నేనే. ఇప్పుడు నాకంటే ఒక మెట్టు పైకి ఎక్కి, తన ఫైళ్ళ జోలికి ఎవరన్నా వస్తే పళ్ళు నూరుతాడు. లంచాలు తినడు. దానివల్ల ఇంకా గర్వం.

"కూర్చో అక్కా. నా ఫైలు నీకు యాడిదో నేను అడగను, నువ్వు సెప్పవు."

రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టాను. చూశాడు. తెలివైనవాడు, రెండు క్షణాల్లో పట్టేశాడు. అది ముఖంలో కనపడనివ్వలేదు.

"గుద్దినాక భయపడి తాగినాడు. అంతే గదా? నాకింకా సులువాయె. తాగి తోలిన సెక్షన్ ఎత్తేస్తా. ఒట్టి నిర్లక్ష్యం, నూటా ఆరు. అయిదేండ్ల లోపల."

"బాటిల్ ఎక్కడిది? వైన్ షాపు తెరిచేది పదింటికి."

"ముందురోజుది. డ్రైవర్ సీటు కింద బాటిల్ ఉండటం పెద్ద వింతా?"

"బ్రేకు గుర్తులు చూశావా?"

"ఉండాయి. బ్రేకేసినాడంటే తప్పించాలనే సూసినాడు. వాడికే మంచిది."

"ఆ బ్రేకు మనిషికి కాదు, రోడ్డుకి అడ్డమొచ్చిన దూడకి వేసి ఉంటాడు. బండి పూర్తిగా ఆగింది. ఆగి, మళ్ళీ కదిలి, ఇరవై రెండు అడుగుల అవతల మట్టిలో నడుస్తున్న మనిషిని గుద్దింది. దానికి బ్రేకు లేదు. తర్వాత దిగి, బెదిరిన ఆవులను పట్టి, తల్లికి దూడ కనపడేటట్టు కట్టాడు. బయ్యమ్మ వచ్చేసరికి వాసన లేదు. ఆమె పోగానే తాగాడు."

మునికృష్ణ నవ్వాడు. బయట కూర్చున్న రైటర్‌కి వినపడేటట్టే నవ్వాడు. "ఆవుల మీద దయ సూపించినాడు గాబట్టి హంతకుడు అని జడ్జిగారికి సెప్పాల్నా నేను? మళ్ళీ ఈ కోర్టులో తలెత్తుకోని తిరగాల్నా వద్దా?"

"దయ సంగతి వదిలెయ్. దూడ కనపడిన కళ్ళకి మనిషి కనపడలేదని నువ్వు రాస్తున్నావు. రేపు సంతకం పెట్టబోతున్నావు."

ఆ మాటతో అతని నవ్వు ఆగింది. ముందుకు వంగి వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "ఇది నువ్వు నేర్పిందే గదక్కా. అజాగ్రత్తగా సంపితే నూటా ఆరు. సస్తారని తెలిసీ తోలితే నూటా అయిదు, పదేండ్ల దాకా. కావాలని సంపితే నూటా మూడు, యావజ్జీవం. మనిషి సచ్చింది ఒకటే. బండీ ఒకటే. లోపల ఏమనుకున్నాడనే దాన్ని బట్టే శిక్ష మారేది. తాగినోడికి కూడా తెలివి ఉండాదనే సట్టం అనుకుంటాది. ఉద్దేశం మాత్రం తనంతట తాను అనుకోదు. మనం సూపించాల. సూపించు."

"చూపించాను."

"యాడ? కారణమేది? వాడిది రామకుప్పం, ఈయప్పది రామసముద్రం పక్క. చుట్టరికం లేదు, పొలం తగాదా లేదు, ఆడవాళ్ళ గొడవ లేదు. ఫోన్లు తీపిచ్చినా. ఒక్క కాల్ లేదు. ముక్కూ మొగం తెలియని మనిషిని యాల సంపుతాడు?"

రెండు కాగితాలూ మడిచి సంచిలో పెట్టుకున్నాను. రేపు పదిన్నర అని అతను గుర్తుచేసి, ఎదురుగా ఉన్న ఇంకో ఫైలు తెరిచాడు. నేను లేచి తలుపు దాటేదాకా తలెత్తలేదు. ఒకప్పుడు నేను అతనికి నేర్పినవాటిల్లో అదీ ఒకటి అయి ఉండాలి.

*

పలమనేరు మీదుగా బస్సు. కిటికీ సీటు దొరికింది, పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. కేసుల మీద తిరిగేటప్పుడు మనిషికి దిగులు ఉండదని అందరూ అనుకుంటారు. ఉంటుంది. ఫోన్ తీసి, విన్నది చెప్పుకోడానికి పేర్లన్నీ పైనుంచి కిందకి చూసి, మళ్ళీ లోపల పెట్టేశాను. నాకు ఆ క్షణం ఎంత ఒంటరిగా అనిపించిందో చెప్పలేను.

కిరణ్ కుమార్ ఇల్లు రామకుప్పం దాటాక ఒక పల్లె చివర, అడవి వైపు. దారి పక్క రాగి చేలో ఏనుగులు తొక్కిన చోటు ఇంకా చదును కాలేదు. మధ్యాహ్నం మూడున్నర. ఒక ఆవు, ఒక మనిషి, ఒక గది. పశువుల కొట్టంలో గడ్డి వేస్తున్నవాడు నన్ను చూసి ఆగిపోయాడు. చాలాసేపు అట్లాగే చూశాడు. నేను ఎవరినో నేను చెప్పక ముందే అతని ముఖంలో ఏదో తేలికపడింది.

"రండి మేడం. కూర్చోండి," అన్నాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

నంజమ్మ తరఫున వచ్చానని చెప్పాను. తల ఊపాడు. తాగి ఉన్నానని, ఏమీ గుర్తులేదని, కోర్టులో ఒప్పుకుంటానని వరసగా చెప్పాడు. నేర్చుకున్న పాఠం ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"ఎక్కడ తాగావు?"

"దావలో."

"ఎన్నింటి నుంచి?"

"గెవనం లేదు మేడం, మర్సిపోయినా."

"గంగులప్పను ముందు చూశావా?"

"లేదు. ఎవుర్నీ సూళ్ళేదు. కండ్లు కనపళ్ళేదు."

నేను చెంబు కింద పెట్టి, లేవబోతున్నట్టు చేసి, మామూలుగా అన్నాను. "నంజమ్మకి పాపం ఆవుల పని కూడా మీద పడింది. ఆ దూడ సంగతే..."

"దూడకేమాయె?" అన్నాడు చటుక్కున. "బాగుండాది గదా? కుడికాలు కుంటతా ఉండె అప్పుడే."

తను ఏమన్నాడో అతనికి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత కొట్టం గట్టు మీద కూర్చున్నాడు.

"బాగుంది," అన్నాను. "కళ్ళు కనపడనివాడికి కుడికాలు ఎట్లా కనపడింది?"

"అడ్డం వచ్చె. బ్రేకేసినా. ఆవుల్ని గుద్దేదానికి నాకు సేతులు రావు మేడం." చేతులు చూసుకున్నాడు. "ఆయప్ప వచ్చి దూడను పక్కకి లాగి, అద్దం కాడికొచ్చి నాతో మాట్లాడినాడు. 'సంటిది, తెలియక అడ్డమొచ్చింది, తప్పు అనుకోవద్దప్పా' అనె. ఇంత దగ్గిర నిలబడి నా మొగం సూసినాడు. గుర్తు పట్టలేదు."

"ఎందుకు గుర్తు పట్టాలి?"

"కుప్పం కోర్టులో ఆరు వాయిదాలు ఎదురుబదురు నిలబడినాము గాబట్టి."

అతను చెబుతూ పోయాడు. గొంతు పెంచలేదు, ఒక్కసారి కూడా తడబడలేదు. ఎనిమిదేళ్ళ కిందట గంగులప్ప ఈ పక్క ట్రాక్టర్ తోలేవాడు. ఒకరోజు పట్టపగలు పూటుగా తాగి తోలుతూ, పాల క్యానుతో రోడ్డు పక్క నడుస్తున్న పుష్పావతి మీదకి ఎక్కించాడు. పుష్పావతి కిరణ్ కుమార్ భార్య. పెళ్ళయి పదకొండు నెలలు. అప్పటి చట్టం ప్రకారం నిర్లక్ష్యం కింద కేసు కట్టారు. ఆర్నెల్లు పడింది.

"జడ్జిగారు సదివినారు మేడం. 'ఇందులో ఉద్దేశం ఏమీ లేదు' అని. ఆ మాట ఇంటికి తెచ్చుకున్నా నేను. ఎనిమిదేండ్లు దాంతోనే తిన్నా, దాంతోనే పండుకున్నా. తాగి సంపితే సంపినట్టు గాదంట. సరే, వాడికెంత పడిందో నాకూ అంతే పడనీ అనుకున్నా. టమోటాల లోడుకి రామసముద్రం పక్క పోయినప్పుడు వాడు కనపడె. మూణ్ణెల్లు బాటిల్ సీటు కింద పెట్టుకోని తిరిగినా. తాగి తోలితే గురి తప్పుతాదని ముందు తాగలేదు." చేతిలోని గడ్డిపరక తుంచాడు. "ఆ పొద్దు గుర్తు పట్టుంటే, ఒక్క మాట అనుంటే, పోయేవోడినేమో. నాకూ తెలియదు. వాడు ఎనక్కి తిరిగి నడిచిపోయినాడు. ఇంగ ఆగలేకపోయినా."

నాకు అతని మీద జాలి కలిగింది. ఉన్న విషయం ఉన్నట్టు చెబుతున్నాను. పగబట్టి మనిషిని చంపినవాడి కొట్టంలో కూర్చుని, అతని ఖాళీ ఇల్లు చూసి జాలిపడ్డాను.

"ఇదంతా నాకెందుకు చెప్పావు? నేను పోయి చెబుతాను."

"సెప్పుకోండి." మొదటిసారి నవ్వాడు. "మీరు సెప్పలేరని తెలిసే సెప్పినా. ఆ గంగులప్ప మాదిరే మీరూ నన్ను గుర్తు పట్టలేదు మేడం."

అతని ముఖంలోకి మళ్ళీ చూశాను.

"రత్నమ్మ అని, బజ్జీల అంగడి ఆయమ్మ. ఆ పొద్దు గంగులప్ప సేతిలోంచి ట్రాక్టర్ తాళం లాక్కునిందంట. 'ఇట్లా పోతే ఎవుర్నో ఒకర్ని సంపుతావు' అనిందంట. వాడు సెయ్యి మెలేసి తాళం గుంజుకోని పోయినాడు. సస్తారని తెలుసు మేడం వాడికి. తెలిసే పోయినాడు. ఆ మాటలు కాగితం మీద రాపిచ్చి, ఆయమ్మ ఏలిముద్ర ఏపిచ్చి స్టేషన్‌కి తెచ్చినా. ఎస్సై లీవులో ఉండె. ఇంకొక మేడం ఇన్‌చార్జి. బల్ల నిండా ఫైళ్ళు. 'చార్జిషీటు సిద్ధమైపోయింది, ఇప్పుడొచ్చి కొత్త కతలు సెప్పొద్దు, పో' అనిరి. కాగితం నా ముందరే సించి బుట్టలో ఏసిరి. తలకాయ ఎత్తలేదు."

ఆ స్టేషన్‌లో నాది పన్నెండు రోజుల ఇన్‌చార్జి. నలభై ఒక్క పెండింగ్ ఫైళ్ళు ఒక్క వారంలో ముగించానని పై అధికారులు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం నాకు బాగా గుర్తుంది. ఈ మనిషి ముఖం కోసం ఎంత తవ్వుకున్నా దొరకలేదు. కాగితం మాత్రం గుర్తొచ్చింది. నలిగిన నోటుబుక్ కాగితం, కింద మూలన వేలిముద్ర.

"అయిదింటికి బస్సుంది మేడం. అది తప్పితే ఇంగ లేదు. ఈ దావలో ఏనుగులు తిరుగుతాండాయి, పొద్దు గుంకక ముందే పోండి," అన్నాడు కిరణ్ కుమార్. లేచి ఆవుకి గడ్డి వేయడం మొదలుపెట్టాడు.

*

కుప్పం బస్టాండులో దిగి మునికృష్ణకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను, నా పేరు దాకా రాకుండా. అతను ఒక్కసారి కూడా నవ్వలేదు. మధ్యలో పెన్ను గీస్తున్న చప్పుడు వినిపించింది.

"కుప్పం కోర్టు నుంచి పాత ఫైలు రేపే తెప్పిస్తా," అన్నాడు చివరికి. "చార్జిషీటు ఆపుతా. నూటా మూడు పెడతా. నువ్వే గెలిచినావక్కా, సరేనా? కానీ పాత కేసు ఒక్కటే సాలదు. శిక్ష అనుభవించినోడి మీద ఎనిమిదేండ్లకి పగేంది అంటాడు వాడి లాయరు. వాడు నీకు సెప్పిన మాటలే కావాల. పోలీసులకి ఒప్పుకుంటే సెల్లదు, నువ్వు ఇప్పుడు పోలీసువి గాదు గాబట్టి సెల్లుతాది. నువ్వు బోనెక్కాల."

"ఎక్కుతా."

"లాయరు అడిగే మొదటి ప్రశ్న తెలుసు గదా? దావన పోయే ఆడమనిషికి హంతకుడు కడుపులో ఉండేదంతా యాల సెప్తాడు? నీకే యాల సెప్పినాడు?"

బస్టాండులో మైకు ఏదో బస్సు పేరు చదువుతోంది. అది అయ్యేదాకా ఆగాను. నిజం చెప్పొచ్చు. లేదంటే, గంగులప్ప మీద పగతో ఉన్నవాడు ఎవరో ఒకరికి చెప్పుకోవాలనుకున్నాడని చెప్పొచ్చు. ఆ మాటని కోర్టు నమ్మితే నేను బయటపడతాను. నమ్మకపోతే కిరణ్ కుమార్ బయటపడతాడు, నంజమ్మకి అది యాక్సిడెంటుగానే మిగిలిపోతుంది.

"ఆ కాగితం చించిన ఇన్‌చార్జి ఎస్సైని నేనే మునికృష్ణా," అన్నాను. "అందుకు చెప్పాడు. అదీ రాసుకో."

పెన్ను చప్పుడు ఆగింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు మారింది. తలుపు మూసి వచ్చినట్టున్నాడు.

"అక్కా, ఇది రాసుకుంటే సాక్ష్యం మాయం చేసినావని నీ మీద కేసు కట్టాల్సి వస్తాది. నేనే కట్టాల."

"తెలుసు."

"సరే. అయితే నేనొక్కటే అడుగుతా. జాగ్రత్తగా ఆలోచన చేసి సెప్పు." ప్రతి మాటా విడివిడిగా పలికాడు. నన్ను కాపాడాలని చూస్తున్నాడని అర్థమైంది. నేను నేర్పిన చట్టంలోనే నాకొక సందు చూపిస్తున్నాడు. "బల్ల నిండా ఫైళ్ళ హడావిడిలో ఉండావు. ఎవుడో తెచ్చిన కాగితం, అందులో ఏముండాదో సూసుకోకుండా సించేసినావు. నిర్లక్ష్యం. అంతే గదా? సించే ముందర ఆ కాగితం సదివినావా, లేదా?"

చుట్టూ జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఎవరూ నా వైపు చూడలేదు. రత్నమ్మ అనే పేరు, ట్రాక్టర్ తాళం, ఎవుర్నో ఒకర్ని సంపుతావు అన్న మాట, దాని కింద నీలం రంగు వేలిముద్ర, ఒక్కొక్కటీ వరసగా కళ్ళ ముందుకి వచ్చాయి.

"చదివాను," అన్నాను.